నలభై ఏడో ఇల్లు

కుందుర్పి దాటినాక బస్సు నన్ను దించేసి పోయింది.
అక్కణ్ణుంచి రెండు మైళ్ళు నడక. చేతిలో ట్యాబు,
సంచిలో గొడుగు, అమ్మ కట్టిచ్చిన బొరుగులు.
దున్ని వదిలిన చేన్లలో గువ్వలు తిరుగుతున్నాయి,
ఏం దొరుకుతుందో వాటికే తెలియాల.

వన్నూరమ్మ గడపలో కూచుని ఇత్తనం ఒలుస్తోంది.
బొటనవేలికి గుడ్డపేలిక.
"రా పాపా" అంది గానీ చెయ్యి ఆపలేదు.

ఇంటి పైకప్పు?
తలెత్తి చూసింది, తనకీ ఇప్పుడే గుర్తొచ్చినట్టు.
ముందర బండలు, వెనక రేకు,
రేకు లేచిపోయిన కాడ పోయిన ఓట్లనాటి ఫ్లెక్సీ.
అందులో ఎవరో తలకిందులుగా దండం పెడుతున్నాడు.
వానొస్తే ఆ రెండు చేతుల సందులోంచే కారుతుందంట.
మూడింట్లో ఒకటే నొక్కమంది ట్యాబు.

గదులెన్ని?
"మేకలుండే గదిని లెక్కేస్తావా?"
మనుషులు పండుకునేవే అక్కా.
"వానాకాలం మేమూ ఆడనే కదా పండుకునేది."

తాగే నీళ్ళు?
గంప పక్కకు జరిపి లేచింది.
నేను నోరు తెరిచేలోగా లోపలికి పోయి చెంబుతో వచ్చింది.
అది ప్రశ్న అని ఎట్లా చెప్పేది?
తాగినాను.
ఉప్పగా, నాలుక మీద సున్నం పూసినట్టు.
"ఇంకొంచెం?" అని నవ్వితే
ఆమె పళ్ళ మీద ఆ నీళ్ళే కనపడినాయి, గోధుమరంగు చారలుగా.

బోర్లు ఎన్ని వేసినారు?
ఇక్కడ చెయ్యి ఆగింది.
ఒలిచిన గింజలు తీసి బండమీద ఒక్కొక్కటే పెట్టింది.
మా మామ కాలంలో ఒకటి, నూటాయాభై అడుగులు.
పెద్దోడు పుట్టిన ఏడు ఇంకోటి.
ఈ రెండూ ఒకే వారంలో, నా కమ్మలు పోయినప్పుడు.
ఇది టెంకాయ నిలబడిన కాడ, ఆరు వందలు, వట్టి దుమ్ము.
ఇది ఎందుకు వేసినామో ఇప్పటికీ తెలీదు.
ఏడో గింజను అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది.
"ఇది నీళ్ళిచ్చింది పాపా, రెండేండ్లు.
దీన్ని కూడా వాటితోనే రాస్తావా?"
ఏడింటినీ మళ్ళీ ఏరి గంపలో వేసింది.
మండీ ఆయన తూకమేసుకుంటాడు. కిలోకు ఆరు రూపాయలు కూలి.
ఒకటి బండసందులోకి దొర్లితే
చీపురుపుల్లతో గీకి బయటికి తీసింది.

"నీకెంతిస్తారు?" ఈసారి ఆమె అడిగింది.
ఇంటికి తొంభై అక్కా.
"చేతికొచ్చిందా?"
రెండు నెలలది రావాల.
"మా ఇన్సూరెన్సు కూడా అంతేలే."
ఆ ప్రశ్నకు ట్యాబులో చోటు లేదు. అయినా
ఇద్దరం దానిమీదే ఎక్కువసేపు మాట్లాడినాం.

ఇంట్లో ఎంతమంది?
"అయిదుగురం. నేను, అత్త, పిల్లోళ్ళు ఇద్దరు, ఎర్రిస్వామి."
ఎర్రిస్వామి ఏడి?
"బెంగుళూర్లో సెంట్రింగు పని.
పోయిన పీర్ల పండగైనాక పోయినాడు."
వేళ్ళమీద లెక్కేసినాను. పది నెలలు దాటింది.
ఒకే పొయ్యి మీది కూడు తినేవాళ్ళే కుటుంబమని
అనంతపురంలో రెండు దినాలు మాకు పాఠం చెప్పినారు.
ఆరు నెలలు మించితే రాయకూడదక్కా, అన్నాను,
గొంతు నాది కానట్టు.

ఆమె కోపం చేసుకోలేదు. "అత్తా" అని పిలిచింది.
ముసలామె గోడ పట్టుకుని పోయి
పళ్ళేలు ఎత్తుకొచ్చి నా ముందర పరిచింది.
అయిదు. అంచుల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు.
సొట్టపడిన దాని మీద: ఎర్రిస్వామి.
తక్కిన నాలుగింటిలాగే
అదీ తోమి ఉంది, తడి ఆరలేదు.

రాత్రి కళ్యాణదుర్గంలో, రూములో, ఫోను.
"నలభై ఏడో ఇంట్లో తేడా వస్తాంది.
ఐదో మనిషి ఏడమ్మా?"
ఉన్నాడు సార్.
"చూసినావా?"
పళ్ళెం చూసినాను సార్.

అవతల కాసేపు చప్పుడు లేదు.
సిగ్నల్ పోయిందో, ఏమో.